జర్మనీలో ఎం.ఎస్. చదువుతూ వీకెండ్‌లో ఒక్కరోజు ట్రిప్పులకు వెళ్లొచ్చా? ప్లాన్ ఎలా వేసుకోవాలి?

శుభ్రంగా వెళ్లొచ్చు. కాకపోతే అందరూ "ఏ ఊరు చూడాలి" అన్న దగ్గర మొదలుపెడతారు. ముందు చూసుకోవాల్సింది తిరుగు బండి. సాయంత్రం ఏ బండి ఎక్కితే రాత్రి పదిలోపు గదికి చేరతారు, అది తప్పితే తర్వాతది ఎప్పుడు అన్న రెండూ తేలాకే పొద్దున బండి వెతకండి. గంటకో బండి ఉన్న ఊరైతే భయం లేదు. రెండు గంటలకొకటి ఉండే ఊళ్లను పొద్దు ఎక్కువగా ఉండే జూన్, జులైలకు వాయిదా వేయండి. ఒకవైపు ప్రయాణం రెండున్నర గంటలు దాటితే అది ఒక్కరోజు ట్రిప్పు కాదు, రైల్లో కూర్చోవడమే. "ఒక్కరోజులో నాలుగు సిటీలు" అని వీడియోలు పెట్టేవాళ్లు చూపించేది నాలుగు స్టేషన్ల ముందు తీసుకున్న సెల్ఫీలు, అంతే.

నెలకోసారి డబ్బు కట్టి దేశమంతా లోకల్ రైళ్లలో, బస్సుల్లో తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ గురించి అందరికీ తెలుసు, అది ఎక్కడ పనికిరాదో తెలిసినవాళ్లు తక్కువ. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే కలిపి తక్కువకు ఇస్తారు, కనుక విడిగా కొనేముందు అది కనుక్కోండి. ఆర్ఈ, ఆర్బీ అనే ప్రాంతీయ రైళ్లలో, ఎస్‌-బాన్ అనే సబర్బన్ రైళ్లలో, ఊళ్లో తిరిగే బస్సుల్లో, ట్రాముల్లో, మెట్రోలో చెల్లుతుంది. దూరాలకు వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లలో, ప్రైవేటు ఫ్లిక్స్‌ట్రెయిన్, ఫ్లిక్స్‌బస్‌లలో చెల్లదు. "మన బండి లేటయితే ఐసీఈ ఎక్కేయొచ్చు" అని సీనియర్లు ధీమాగా చెబుతుంటారు. మామూలు టికెట్‌కు ఆ సౌకర్యం ఉన్న మాట నిజమే, గమ్యానికి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఆలస్యమయ్యేలా ఉంటే వేరే బండి ఎక్కొచ్చు. ఈ చవక టికెట్‌కు మాత్రం అది వర్తించదు. ఎక్కితే జేబులోంచి కట్టాల్సిందే.

టికెట్ మీ పేరు మీదే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కూడా దగ్గర ఉండాలి. స్క్రీన్‌షాట్ చూపించి బయటపడదామనుకోకండి, యాప్ తెరిచి చూపించాలి. ఛార్జింగ్ అయిపోయి చూపించలేకపోతే 60 యూరోల జరిమానా కాగితం చేతికిస్తారు. ఆ రోజుకు చెల్లే టికెట్ మీ పేరున ఉందని 14 రోజుల్లోపు చూపిస్తే అది 7 యూరోలకు తగ్గుతుంది, కానీ ఆ ఈమెయిళ్లూ ఆ తిరుగుడూ ఎందుకు? పవర్‌బ్యాంక్ పెట్టుకోండి.

జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో వెతికేటప్పుడు రెండు మార్పులు చేయండి. డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే బండ్లు మాత్రమే చూపించమని పెట్టండి. బండి మారడానికి కనీస సమయం 10 లేదా 15 నిమిషాలు పెట్టండి. ఏమీ పెట్టకపోతే యాప్ నాలుగైదు నిమిషాల్లో మారమంటుంది. మొదటి బండి ఆరు నిమిషాలు లేటయిందంటే రెండోది ఆగదు, గంటసేపు ప్లాట్‌ఫారం మీదే. పైగా ట్రాక్ మరమ్మతులు ఎక్కువగా వీకెండ్‌లోనే పెడతారు. శుక్రవారం రాత్రి చూసిన టైమింగ్‌ను శనివారం పొద్దున మళ్లీ చూడండి. రైలుకు బదులు బస్సు అని కనిపిస్తే కనీసం అరగంట కలుపుకోండి, ఆ బస్సు స్టేషన్ గుమ్మం ముందే ఆగుతుందని అనుకోకండి.

ఇక కొత్తవాళ్లు తప్పకుండా బోల్తాపడేది విడిపోయే రైలు దగ్గర. మ్యూనిక్ నుంచి టెగెర్న్‌జే సరస్సుకు గంటలో వెళ్లిపోవచ్చు. బీఆర్‌బీ అనే ప్రాంతీయ రైలు కంపెనీ బండి మ్యూనిక్‌లో ఒకే పొడుగాటి రైలులా కనిపిస్తుంది, నిజానికి అది కలిపి కట్టిన మూడు రైళ్లు. హోల్ట్స్‌కిర్ఖెన్‌లో ఒక ముక్క ఊడి బైరిష్‌ట్సెల్ వైపు వెళ్తుంది. మిగిలింది షాఫ్ట్‌లాఖ్‌లో మళ్లీ రెండై ఒకటి లెంగ్రీస్‌కు, ఒకటి టెగెర్న్‌జేకు పోతుంది. ప్రకటన వస్తుంది, కానీ జర్మన్‌లో గబగబా చెప్పేస్తారు, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి అదీ వినపడదు. తప్పు ముక్కలో ఉన్నామని తెలిసినా లోపల్నుంచి నడిచి వెళ్లలేరు, మధ్యలో డ్రైవర్ క్యాబిన్లు అడ్డం. ప్లాట్‌ఫారం మీదకు దిగి, పక్క పెట్టె దగ్గరికి పరుగెత్తి, తలుపు బటన్ నొక్కి ఎక్కాలి. బ్యాగు పైన పెట్టి, బూట్లు విప్పి కూర్చున్నవాళ్ల పని అయిపోయినట్టే. తమాషా ఏమిటంటే బైరిష్‌ట్సెల్ దారిలో ష్లియర్‌జే అని ఇంకో సరస్సు ఉంది. అక్కడ దిగి, నీళ్లూ కొండలూ చూసి, టెగెర్న్‌జే అనుకునే ఫొటోలు పెట్టేస్తారు. ఎక్కేటప్పుడు పెట్టె పక్కన బోర్డు మీద గమ్యం చదవడం, కూర్చున్నాక లోపలి తెర మీద మళ్లీ చూడడం, ఇంతే పని. పొరపాటున ష్లియర్‌జే చేరారా, అక్కడే ఉండిపోండి. రద్దీ తక్కువ, అందం ఏమీ తక్కువ కాదు.

నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు టైమ్ వేసిన టికెట్ ఉంటుంది, లోపలికి గైడ్‌తోనే వెళ్లనిస్తారు, అదీ అరగంట. ఫొటోలు తీయనివ్వరు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కు రెండు గంటలు, అక్కడి నుంచి కోట కింద ఉన్న హోయెన్‌ష్వాన్‌గావ్ ఊరికి బస్సు, కింద టికెట్ సెంటర్ నుంచి పైకి 30–40 నిమిషాల ఎక్కుడు. కోటకు పదకొండుకు చేరతామని పదకొండున్నర స్లాట్ తీసుకునేవాళ్లుంటారు, ఒక్క బస్సు తప్పితే స్లాట్ పోతుంది, ఇంకోసారి లోపలికి రానివ్వరు. లెక్కలో వచ్చిన సమయానికి ఇంకో గంటన్నర కలిపి స్లాట్ తీసుకోండి. మిగిలిన టైమ్‌లో మరియన్‌బ్రూకె వంతెన మీదికి వెళ్లండి. కోట మొత్తం కనపడేది అక్కడి నుంచే, పైసా ఖర్చు లేదు. మంచు ఎక్కువైతే దాన్ని మూసేస్తారు.

జాల్ట్స్‌బుర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా, ఆ ఊరి మెయిన్ స్టేషన్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. ఊళ్లో బస్సుకు చెల్లదు. అసలు మరచిపోయేది టికెట్ కాదు, పాస్‌పోర్టు. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి తనిఖీ చేస్తుంటారు. రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఒక్కటే చాలదు, పాస్‌పోర్టూ కార్డూ రెండూ కావాలి. కార్డు ఇంకా రాక తాత్కాలిక కాగితం మాత్రమే ఉన్నవాళ్లు ఫారినర్స్ ఆఫీసును అడగకుండా సరిహద్దు దాటొద్దు. జర్మనీలోనే చూడాల్సినవి బోలెడున్నాయి.

పన్నెండు మందితో వాట్సాప్ గ్రూపు పెట్టి ప్లాన్ చేసే ట్రిప్పు ఒక పట్టాన కదలదు. ఇద్దరు నిద్ర లేవరు, ఒకరికి పార్ట్‌టైమ్ షిఫ్టు, ఒకరు ప్లాట్‌ఫారం మీద టాయిలెట్ వెతుకుతుంటారు, ఇంతలో బండి వెళ్లిపోతుంది. నలుగురు చాలు. డాయిచ్‌లాండ్ టికెట్ లేని చుట్టాలో స్నేహితులో వస్తే ఐదుగురి దాకా కలిపి బవేరియా టికెట్ తీసుకోండి, అది మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ప్రాంతీయ రైళ్లలో ఒక్కరోజు తిరిగే టికెట్. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచి మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే మొదలు.

ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోనివి తప్ప. చిన్న ఊరికి వెళ్తుంటే శనివారమే సరుకులు కొనిపెట్టుకుని పులిహోర కలిపి తీసుకెళ్లండి. చల్లారినా బాగుంటుంది, పెట్టెంతా వాసన కొట్టదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా తీసుకెళ్తే సరి. టాయిలెట్‌కు ఒక యూరో నాణెం జేబులో ఉంచుకోండి.

సెమిస్టర్ సెలవులకు ఇండియా వెళ్తున్నారా? డాయిచ్‌లాండ్ టికెట్ విడిగా కొన్నవాళ్లు 10వ తేదీలోపు రద్దు చేస్తే ఆ నెలాఖరుతో ఆగుతుంది. 11న చేస్తే ఇంకో నెల డబ్బు పడుతుంది.