ఏడున్నర వేల డాలర్ల మౌంటెన్ బైక్: ఇప్పుడు కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. నేను వాల్‌మార్ట్‌లో పనిచేస్తున్నా, ఆఫీసు మారమంటే డాలస్ నుంచి అర్కాన్సాలోని బెంటన్‌విల్ వచ్చాం. ఇక్కడ అందరూ మౌంటెన్ బైకింగే, నాకూ పిచ్చి పట్టుకుంది, ఆర్నెల్లుగా అద్దె బైకుల మీద తిరుగుతున్నా. ఇప్పుడో కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ బైక్ చూశా, ముందు 160, వెనక 150 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ట్రావెల్, బరువు 30 పౌండ్లే, ఏ ట్రయల్‌కైనా (కొండ, అడవి బాటకైనా) ఇదొక్కటి చాలంటున్నారు. రేటు 7,499 డాలర్లు, 24 నెలలు వడ్డీ లేదంట. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయ్యింది. సేవింగ్స్ 16,000. హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 4,900, మిగిలేది 1,300. మార్చిలో బోనస్ చేతికి 6,000 దాకా వస్తుంది. రిటైర్మెంట్ ఖాతా 401కెలో కంపెనీ కలిపే మ్యాచ్ పూర్తిగా తీసుకుంటున్నా. మా ఆవిడేమో సైకిల్‌కి ఆరున్నర లక్షలా, మీ కంపెనీ స్టోర్లోనే నాలుగొందలకి దొరుకుతుందిగా అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: బైక్ కొనండి, కానీ ఈ బైక్ కాదు, ఈ నెల కాదు. మార్చిలో బోనస్ పడ్డాక, పన్ను, హెల్మెట్, పెడల్స్ అన్నీ కలిపి 4,300 దాటకుండా కొనండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ ప్రశ్నలో సగం డబ్బు గురించి, సగం సస్పెన్షన్ గురించి, రెండూ విడదీస్తే జవాబు తప్పుతుంది. నేనూ తొక్కుతాను కాబట్టి రెండోదాని మీద కూడా నాకు అభిప్రాయాలున్నాయి.

ముందు ఆ 7,499 సంగతి. అది ట్యాగ్ మీద రేటు. బెంటన్‌విల్‌లో సేల్స్ టాక్స్ స్టేటుది, కౌంటీది, సిటీది కలిపి 9.5 శాతం, అంటే ఇంకో 712, మొత్తం 8,211. ఇంత ఖరీదు బైకులకి చాలావాటికి పెడల్స్ కూడా రావు, విడిగా కొనుక్కోవాలి, మొదటిసారి కొనేవాళ్ళెవరికీ ఇది తెలీదు, షాపులో చెప్పగానే మొహాలు చూడాలి. పెడల్స్, హెల్మెట్, మోకాళ్ళకి ప్యాడ్లు, బూట్లు, షాక్ పంపు, కారు వెనక తగిలించే ర్యాక్ అన్నీ వేస్తే సుమారు 1,100. అంటే మొదటి రైడ్ అవ్వకముందే 9,300. ఏనుగుని కొని అంకుశానికి వెనకాడినట్టు చాలామంది ఇక్కడే హెల్మెట్ చవకది తీసుకుంటారు, అది మాత్రం వద్దు.

ఇక వడ్డీ లేదు కదా, నెలకి 342 డాలర్లేగా అంటారు, లెక్క నిజమే. కానీ మీరు హెచ్-1బీ మీద ఉన్నారు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండి ఇంకోటి వెతుక్కోడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-140 అయినా ఈ విషయంలో పెద్ద తేడా ఏం లేదు. ఆ 60 రోజుల్లో జీతం రాదు, అద్దె ఆగదు, హైదరాబాద్ ఈఎంఐ ఆగదు, పైగా వేరే ఊరికి మారాల్సొస్తే లీజ్ బ్రేక్ చేసే ఖర్చు, ట్రక్కు ఖర్చు, దొరక్కపోతే ఇద్దరికీ ఇండియా టికెట్లు. అందుకే సిటిజన్‌కి మూడు నెలల ఖర్చు పక్కన ఉంటే చాలంటే, హెచ్-1బీ వాళ్ళకి ఆరు నెలలు ఉండాలని నేను ఎప్పుడూ చెప్తుంటా. మీకు ఆరు నెలలంటే 29,400. ఉన్నది 16,000, అంటే మూడు నెలల పైన కొంచెం. ఇందులోంచి 8,211 తీస్తే నెలన్నరకి పడిపోతారు. ఫైనాన్స్ తీసుకుంటే సేవింగ్స్ అలాగే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఎదురుగా అప్పు నిలబడి ఉంటుంది, జీతం లేని నెలలో కూడా ఆ 342 కట్టాల్సిందే.

ఇంకోటి, ఆ కాగితం మీద డిఫర్డ్ ఇంటరెస్ట్ అనే మాట ఉందేమో చూడండి. ఉంటే అది వడ్డీ లేని అప్పు కాదు, వడ్డీ దాచిపెట్టిన అప్పు. 24వ నెల అయ్యేసరికి వంద డాలర్లు మిగిలినా సరే మొదటి రోజు నుంచీ మొత్తం మీద వడ్డీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు, స్టోర్ కార్డుల రేట్లు ముప్పై శాతం దగ్గర్లో ఉంటున్నాయి. నెలనెలా మినిమమ్ కట్టుకుంటూ పోతే 24 నెలలకి బాకీ తీరిపోతుందని కూడా అనుకోవద్దు, చాలా కార్డుల్లో తీరదు. ఈ మాట లేకుండా మామూలు జీరో పర్సెంట్ అయితే తప్పులేదు, కానీ మొత్తం డబ్బు పక్కన పెట్టి ఉన్నప్పుడే.

సరే, బైక్ దగ్గరికొద్దాం. ట్రావెల్ అంటే తెలీనివాళ్ళ కోసం, చక్రం రాయి మీద పడితే సస్పెన్షన్ ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకోగలదో ఆ లెక్క. రేసు బైకులకి 100 నుంచి 120, మామూలు ట్రయల్ బైకులకి 120 నుంచి 150 లోపు, కొండల మీంచి కిందికి దూకేవాళ్ళ ఎండ్యూరో బైకులకి 160, 170. మీరు చూసింది ఈ రెండు రకాలకీ మధ్య గట్టు మీద ఉంది, ట్రావెల్ ఎక్కువా ఉండాలి, బరువు తక్కువా ఉండాలి. ఇలాంటివి ఇప్పుడు నిజంగానే బాగా చేస్తున్నారు, కాదనను, కానీ ఎక్కువ ట్రావెల్ కావాలంటే పెద్ద ఫోర్క్ (ముందు సస్పెన్షన్), పెద్ద షాక్ (వెనకది), గట్టి ఫ్రేమ్ కావాలి, ఇవన్నీ బరువే, ఆ బరువుని మళ్ళీ తగ్గించాలంటే కార్బన్ కావాలి, కార్బన్ అంటే డబ్బు. కీత్ బాంట్రేగర్ అనే పాతతరం బైక్ బిల్డర్ పేరు మీద ఒక మాట తిరుగుతుంటుంది, గట్టిది, తేలిక, చవక, మూడింట్లో ఏవైనా రెండు ఎంచుకో అని. మీ షాపువాడు మూడోదాన్ని 24 ముక్కలు చేసి కనపడకుండా పెట్టాడు.

ఇప్పుడు మీ ఊరి ట్రయల్స్ చూడండి. 2007లో స్లాటర్ పెన్ అనే ట్రయల్స్‌తో మొదలుపెట్టి, వాల్‌మార్ట్ పెట్టిన వాల్టన్ ఫ్యామిలీ డబ్బుతో ఊరంతా ట్రయల్స్ వేశారు, కోలర్ వచ్చింది, బెల్లా విస్టాలో బ్యాక్ 40 వచ్చింది, అన్నీ ఫ్రీ, లిఫ్ట్ టికెట్ లేదు పాస్ లేదు, ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. కానీ ఇవి ఓజార్క్ కొండలు, కొలరాడో కాదు. పది నిమిషాలకి మించి ఏకబిగిన ఎక్కే మెరక దాదాపు ఉండదు, చిన్నగా ఎక్కడం చిన్నగా దిగడం, మధ్యలో రాళ్ళ మెట్లు, మలుపులు. అక్కడ 160 బైక్ సగం నిద్రలోనే ఉంటుంది, కోలర్‌లో పెద్ద జంపులు తప్ప దానికి పని దొరకదు. వెనక 130 నుంచి 140, ముందు 140 నుంచి 150, మీ వారం వారం రైడింగ్‌కి ఇదే సరిపోయే సైజు.

బరువు గురించి కూడా ఒక లెక్క చేద్దాం, ఇది ఎవరూ చెయ్యరు. మీరొక 78 కిలోలు, బైక్ 14, హెల్మెట్, నీళ్ళు, బట్టలు, బ్యాగు కలిపి 5, మొత్తం 97. మెరక ఎక్కేటప్పుడు టైం ఈ మొత్తం బరువు మీద ఆధారపడుతుంది, బైక్ బరువు ఒక్కదాని మీద కాదు. మూడున్నర వేల అల్యూమినియం బైక్‌కీ మీరు చూసిన కార్బన్‌కీ తేడా కిలోన్నర అనుకుందాం, అది మొత్తంలో ఒకటిన్నర శాతం. పది నిమిషాల ఎక్కుడులో మిగిలేది తొమ్మిది సెకన్లు. నాలుగు వేలు పెట్టి తొమ్మిది సెకన్లు కొనుక్కోవడం రేసర్లకి పనికొస్తుంది, మీకు కాదు. తేలిక బైక్ చేతిలో చురుగ్గా తిరుగుతుంది, అది నిజమే, ఆ చురుకు ఎక్కువ చక్రాల్లో, టైర్లలో తెలుస్తుంది, ఫ్రేమ్‌లో అంత తెలీదు.

టైర్ల దగ్గర ఇంకో తమాషా ఉంది. ఆ 30 పౌండ్ల అంకె మీడియం సైజుకి, పెడల్స్ లేకుండా, చాలాసార్లు పల్చటి టైర్లతో తూచింది. మీవైపు పదునైన రాళ్ళెక్కువ, పల్చటి టైర్ పక్కలు కోసుకుపోతాయి, రెండు సార్లు చిరిగాక మీరే మందపాటి కేసింగ్ (గోడలు) ఉన్న టైర్లు వేయించుకుంటారు, ఒక్కో టైర్‌కి పావు కిలో పైన పెరుగుతుంది, డెబ్భై ఎనభై డాలర్లు పోతాయి. అంటే మీరు డబ్బిచ్చి కొన్న తేలికలో అర కిలో మొదటి సీజన్లోనే మళ్ళీ ఎక్కేస్తుంది.

మరి ఏది కొనాలి అంటే, ఒక్క పేరు చెప్పను గానీ స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్, ట్రెక్ ఫ్యూయెల్ ఈఎక్స్, కాన్యన్ స్పెక్ట్రల్ ఈ తరగతిలోవి, అల్యూమినియం వెర్షన్లు చూడండి, గేర్లు షిమానో డియోర్ అయినా చాలు, అది పైవాటిలాగే పనిచేస్తుంది, కొంచెం బరువు, చాలా చవక, పైగా క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ళ చక్రాల గుత్తి) అరిగినప్పుడు కూడా చవకే. డబ్బులు మిగిలితే గేర్ల మీద కాదు, మంచి ఫోర్క్ మీద, నాలుగు పిస్టన్ల బ్రేకుల మీద పెట్టండి. మీ మనసు ఇంకా పెద్ద ట్రావెల్ మీదే ఉంటే ఐబిస్ రిప్లీ అని ఒకటుంది, 130 వెనక, 140 ముందు, కొత్త మోడల్లో దానికీ వాళ్ళదే 150-160 ట్రావెల్ ఉన్న రిప్‌మో అనే బైక్‌కీ ఫ్రేమ్ ఒకటే, తర్వాత షాక్, ఫోర్క్, చిన్న లింక్ భాగం మార్చుకుంటే అదే ఇదవుతుంది. కొత్తది మీ బడ్జెట్‌కి పైన ఉంటుంది, క్లియరెన్స్‌లో పడితే చూడండి.

క్లియరెన్స్ అంటే గుర్తొచ్చింది, కరోనా టైంలో ఎగబడి కొన్నారు, కంపెనీలు లెక్కలేకుండా తయారుచేశాయి, ఆ తర్వాత 2023 నుంచి గోడౌన్లు ఖాళీ చెయ్యలేక ముప్పై నలభై శాతం తగ్గించి అమ్ముకున్నారు. 2025లో టారిఫ్‌లొచ్చి కొన్ని రేట్లు మళ్ళీ పెరిగాయి, అయినా చలికాలం చివర్లో పాత మోడళ్ళ మీద బేరాలు దొరుకుతూనే ఉంటాయి, అందుకే మార్చి అన్నాను. ఒక్క జాగ్రత్త, మరీ చవగ్గా వస్తుందంటే కంపెనీ పరిస్థితి చూడండి. జీటీ అనే బైక్ కంపెనీ 2024 చివర్లో కొత్త మోడళ్ళు తియ్యడం ఆపుతున్నట్టు చెప్పింది, వైటీ అనే ఇంకో బైక్ కంపెనీ 2025లో జర్మనీలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఫ్రేమ్ వారంటీ ఇచ్చిన కంపెనీ లేకపోతే వారంటీ కాగితమే మిగులుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కూడా ఇదే చిక్కు, శాంటా క్రూజ్ లాంటివాళ్ళు ఫ్రేమ్‌కి జీవితకాలం వారంటీ, ఫ్రీగా బేరింగులు ఇస్తారు గానీ అవి మొదటి ఓనర్‌కే, మీకు బదిలీ కావు.

ఏటా అయ్యే ఖర్చు కూడా బడ్జెట్లో రాసుకోండి. సస్పెన్షన్ తయారుచేసే కంపెనీల్లో రాక్‌షాక్స్ వాళ్ళు ఫోర్క్‌కి 50 గంటలకి చిన్న సర్వీస్, 200 గంటలకి పెద్దది చెప్తారు, ఫాక్స్ వాళ్ళు 125 గంటలు లేదా ఏడాది అంటారు. మీరు వారానికి ఐదు గంటలు తొక్కితే 125 గంటలు ఆర్నెల్లలో అయిపోతాయి. ఫోర్క్, షాక్ రెండూ షాపులో చేయిస్తే 300 పైమాటే, టైర్లు, చైన్, బ్రేక్ ప్యాడ్లు కలిపి నా లెక్కలో ఏడాదికి 600, 700. బైక్ కొన్నప్పట్నుంచి నెలకి 60 డాలర్లు పక్కన పెట్టండి.

మీరు అడగలేదు గానీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా చూడండి. ఈ ఆటలో కాలర్ బోన్ విరగడం మామూలు. మీ ప్లాన్‌లో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మీరే కట్టాల్సింది) ఎంతో చూసుకుని, మీ ప్లాన్‌కి హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే అంత డబ్బు అందులో ఉండేలా చేసుకోండి. రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో బైక్ దొంగతనానికి ఎంత వరకు ఇస్తారో, కొత్త రేటు ఇస్తారా అరిగిన రేటు ఇస్తారా అడగండి, అవసరమైతే బైక్‌ని పేరుపెట్టి చేర్పించండి, కొన్న రోజే సీరియల్ నంబర్ ఫోటో తీసి బిల్లుతో కలిపి ఈమెయిల్లో దాచుకోండి.

ఇప్పుడు మార్చి లెక్క. ఈ ఐదు నెలలూ మిగిలే 1,300 మొత్తం ఎమర్జెన్సీ ఫండ్‌లో వెయ్యండి, 16,000 కాస్తా 22,500 అవుతుంది. బోనస్ 6,000లో 4,300 బైక్‌కి: బైక్ 3,300, పన్ను 313, మిగతాది సామాను, ర్యాక్ మాత్రం పాతది వెతకండి. మిగిలిన 1,700 మళ్ళీ ఫండ్‌కే. 24,200 అయ్యిందంటే దాదాపు ఐదు నెలల ఖర్చు మీ చేతిలో, అప్పు సున్నా, బైక్ మీదే. ఆరో నెల వేసవికల్లా నిండుతుంది. 401కె మ్యాచ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఈలోపు అద్దె బైకులే కానివ్వండి, కానీ ఒకే బైక్ కాకుండా 130ది, 140ది, 160ది మూడూ స్లాటర్ పెన్ మీదే తిప్పండి, కొన్ని షాపులు ఇలా తొక్కి చూడ్డానికి కట్టిన డెమో డబ్బులు కొనేటప్పుడు తగ్గిస్తాయి, ముందే అడగండి. యూటాలోని మోయాబ్‌కో కొలరాడోకో వెళ్ళాలనిపించినప్పుడు అక్కడే పెద్ద బైక్ రోజుకి 100 నుంచి 150కి దొరుకుతుంది, మూడు రోజులకి నాలుగొందలు, సర్వీస్ వాళ్ళదే, విమానంలో బైక్ డబ్బా మోసే గొడవ లేదు.

మీ ఆవిడ అడిగింది వెటకారంగా తీసుకోకండి. మీ కంపెనీ అమ్మే ఓజార్క్ ట్రయల్ రిడ్జ్ 398 డాలర్లకొచ్చినప్పుడు బైక్ రివ్యూలు చేసేవాళ్ళే మెచ్చుకున్నారు, హైడ్రాలిక్ బ్రేకులు, ముందు సస్పెన్షన్ ఉన్నాయి. వెనక సస్పెన్షన్ లేదు కాబట్టి మీరు తొక్కే రాళ్ళలో మీకు సరిపోదు గానీ, గ్రీన్‌వే (సైకిళ్ళ కోసం వేసిన చదును బాట) మీద, తేలిక ట్రయల్స్ మీద బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆవిడకి ఇష్టమైతే ఆవిడకదే కొనండి, మీ బైక్ బడ్జెట్‌లోంచి కాదు, వేరే నెల మిగులులోంచి.

ఒకవేళ ఫైనాన్స్ కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, బైక్ ఇంటికి తెచ్చుకోకముందే షాపుకెళ్ళి ఆర్డర్ రద్దు చెయ్యమని అడగండి, ఎంత కోత పెడతారో రాతపూర్వకంగా తీసుకోండి, వంద రెండొందలు పోయినా రద్దు చేసుకోవడమే మంచిది.