సాఫ్ట్ పాస్టెల్‌లో తంగేడు పసుపు ఆకుపచ్చ మీద ఎందుకు మురికిగా కనిపిస్తుంది?

ఎక్కువసార్లు కారణం కాగితమే. సాఫ్ట్ పాస్టెల్ అంటే సుద్దముక్కలాంటి రంగుకడ్డీ, అందులో రంగుపొడి ఎక్కువ, జిగురు చాలా తక్కువ. మామూలు డ్రాయింగ్ షీట్ గరుకు రెండు మూడు పూతలకే నిండిపోతుంది. ఆపైన వేసిన పసుపు పట్టు దొరక్క కింది ఆకుపచ్చలో కలిసిపోతుంది. ఉప్పుకాగితంలా గరుకుగా ఉండే పాస్టెల్ పేపర్ తీసుకోండి. ఖరీదే, కానీ చిన్న ముక్క చాలు. ముందు ముదురు రంగులు, అంటే దుర్గం చెరువు రాళ్ల నీడల్లాంటివి, పాస్టెల్‌ను పడుకోబెట్టి తేలిగ్గా పూయండి. పూలు చివర్లో. ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేయండి, వేలితో రుద్దొద్దు. గునుగు పూల లేత గులాబీకీ ఇంతే. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొడితే లేత రంగులు కాస్త ముదురుతాయి, నేనైతే కొట్టను. బొమ్మకు అద్దం తగలకుండా చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) పెట్టించి ఫ్రేమ్ కట్టిస్తాను.