అట్లాంటాకు కొత్తగా వచ్చిన మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

"పెద్దమ్మా, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా పలకరిస్తున్నారు, ఏమనాలో తోచక తల దించుకుని పోతున్నా" అన్నావు మొన్న ఫోన్లో. అప్పటినుంచీ నీ గురించే ఆలోచిస్తున్నాను.

తల దించుకోకమ్మా. న్యూజెర్సీలో ఎవరి పరుగు వాళ్లది. ఇక్కడ అలా కాదు. కుక్కను తిప్పుకుంటూ ఎదురొచ్చిన ముసలాయన "హౌ ఆర్ యూ, మ్యామ్" అన్నాడంటే, మన ఊరి అరుగు మీంచి "భోంచేశావా" అన్నట్టే. బదులివ్వకపోతే చిన్నబుచ్చుకుంటారు. పెద్దవాళ్లతో 'యస్ సర్', 'యస్ మ్యామ్' అను.

ఆ పలకరింపు విలువ నాకు 2014 జనవరి 28న తెలిసింది. పడింది రెండంగుళాల మంచు. ఆఫీసులూ స్కూళ్లూ ఒక్కసారే వదిలేసరికి ఊరంతా రోడ్ల మీదే చిక్కుకుపోయింది. మీ పెదనాన్న 285 హైవే మీద కారులో తొమ్మిది గంటలు కూర్చుని, ఇక లాభం లేదని కారు వదిలేసి నడిచారు. తడిసిన బూట్లతో ఒక తలుపు తట్టితే, నల్లజాతి పెద్దావిడ ఎవరు ఏమిటని కూడా అడక్కుండా లోపలికి పిలిచి, బొంత కప్పి, వేడి కార్న్‌బ్రెడ్ చేతిలో పెట్టింది. ఆవిడ ఫోన్ నుంచే నాకు కబురందింది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కారులో దుప్పటీ నీళ్లూ పెట్టుకో. మంచు అన్నారంటే ఆ పూట గడప దాటకు.

డ్రైవింగ్ లైసెన్సు 30 రోజుల్లో మన జార్జియా రాష్ట్రానిది తీసుకోవాలి, నువ్వొచ్చి అప్పుడే మూడు వారాలైంది. అడ్రసు రాసుకునేటప్పుడు ఒట్టి 'పీచ్‌ట్రీ' అని వదిలేయకు. పీచ్‌ట్రీ స్ట్రీట్, వెస్ట్ పీచ్‌ట్రీ, పీచ్‌ట్రీ ఇండస్ట్రియల్ అన్నీ వేరువేరు. హోటల్లో టీ అంటే ఐసు వేసిన పంచదార పానకమే వస్తుంది, వేడిది కావాలని నోరు తెరిచి అడగాలి. మార్చి చివర్లో పైన్ చెట్ల పుప్పొడి కారు మీద పసుపు చల్లినట్టు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచావంటే గీతలు పడతాయి, ముందు నీళ్లు కొట్టు. నీకసలే తుమ్ములు, ఆ నెల కిటికీలు మూసే ఉంచు.

ఇంకొకటి. వచ్చే శనివారం రివర్‌డేల్‌లో వేంకటేశ్వరుడి గుడికి వెళ్తున్నాం కదా, దారిలో ఆబర్న్ అవెన్యూలో దిగుదాం. డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లూ, ఆయన ప్రసంగించిన ఎబినేజర్ చర్చీ ఆ వీధిలోనే ఉన్నాయి. నల్లజాతివాళ్ల హక్కుల కోసం ఆయన ముందుండి నడిపిన ఉద్యమం 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చింది. ఆ ఊపులోనే మరుసటి ఏడు వలస చట్టం మారబట్టి మనవాళ్లకు ఈ దేశం తలుపు తెరుచుకుంది. ఆ ఇంటి ముందు ఒక్క నిమిషం నిలబడకుండా ఈ ఊళ్లో కాపురం పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు. పులిహోర నేను కలుపుకొస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ