పాయింటర్ గీసిన ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’లో కనిపించేది నిజమైన ఈజిప్టేనా?

ముక్కలు ముక్కలుగా చూస్తే నిజమే, మొత్తంగా చూస్తే కాదు. బ్రిటిష్ చిత్రకారుడు ఎడ్వర్డ్ పాయింటర్ దీన్ని 1867లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు, ఇప్పుడు అదే ఊళ్లో గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. వెడల్పు మూడు మీటర్ల పైనే. ఇశ్రాయేలీయ బానిసలు ఓ పెద్ద రాతి సింహాన్ని తాళ్లతో లాగుతుండటమే ఇందులో దృశ్యం.

బైబిల్లో నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఈజిప్టు రాజు ఫరో కోసం పీతోము, రామెసేసు పట్టణాలు కట్టారని ఉంటుంది కదా, బొమ్మకి మూలం అదే. కానీ అక్కడ చెప్పింది జిగటమన్ను, ఇటుకల పని గురించి. సింహాన్ని లాగడం పూర్తిగా చిత్రకారుడి ఊహ. ఆ ఎర్రరాతి సింహానికి మోడల్ మాత్రం బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది, అసలుది రెండు మీటర్ల పొడవే, ఇక్కడ దాన్ని బాగా పెంచేశాడు. వెనక గీజా పిరమిడ్డు, ఎక్కడో దక్షిణాన ఉండే ఫిలే గుడి పక్కపక్కనే నిలబడి ఉంటాయి, పైగా ఫిలే గుడి ఈ కథా కాలానికి వందల ఏళ్ల తర్వాత కట్టింది.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి. దీన్ని కొన్న సర్ జాన్ హాక్‌షా పెద్ద సివిల్ ఇంజనీరు, అంత బరువు లాగడానికి ఇంతమంది సరిపోరని ఆయన లెక్క కట్టి చెబితే పాయింటర్ మరికొంతమంది బానిసల్ని చేర్చాడని చెబుతారు. అందుకే తాళ్లు పట్టుకున్న ఆ వరసలు కాన్వాస్ అంచు దాటి ఇంకా ఉన్నట్టు అనిపిస్తాయి. ఒక్కసారి ఆ వంగిన వీపుల్ని, వాళ్ల మీద లేచిన కొరడాని దగ్గరగా చూడండి, కట్టడాల తప్పులు అసలు గుర్తుకే రావు.