డిప్రెషన్ టాబ్లెట్ ఆ ఒక్కరోజు ఆపేసి తాగొచ్చా అంటే

"ఎస్సిటాలోప్రామ్ 10 వాడుతున్నా, ఫ్రెండ్ పెళ్లికి ఆ ఒక్కరోజు టాబ్లెట్ ఆపేసి రెండు బీర్లు తాగితే ఏమన్నా అవుతుందా" అని అడిగావు తమ్మీ. సేమ్ ఇదే తెలివి నేనూ చూపించా, నాలుగు కుట్లు పడ్డాయి కనుబొమ్మ మీద.

హన్మకొండలో మా బావ వాళ్లింట్లో దసరా. అప్పటికి నాకు పొద్దున నీ టాబ్లెట్టే, రాత్రికి మిర్టాజాపిన్ 15, అదీ డిప్రెషన్‌దే, నిద్రమత్తు ఎక్కువ. పొద్దుటిది ఎగ్గొట్టా, ఇక లైన్ క్లియర్ అనుకున్నా. మటన్ ఇంకా పొయ్యి మీదుండగానే బావ గ్లాసు చేతిలో పెట్టి "పండగపూట, ఏమైతది బామ్మర్దీ" అన్నాడు. రెండు పెగ్గులే, లెక్కపెట్టుకున్నా, మామూలుగా నాలుగేసినా పేకాటలో ముక్క తప్పనివాణ్ణి. పడుకునేముందు అలవాటుగా మిర్టాజాపిన్ మింగేశా. రాత్రి ఎప్పుడో బాత్రూమ్‌కని లేచింది గుర్తుంది, ఆ తర్వాత చెంప కింద చల్లటి బండలు, బోర్లాపడ్డ మగ్గు, ఏడుస్తూ నా కనుబొమ్మకి పసుపు అద్దుతున్న అక్క.

కుట్లేసిన డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్లే, ఆమే చెప్పింది. ఎస్సిటాలోప్రామ్ ఒంట్లోంచి సగం దిగడానికే 30 గంటలు పడుతుందట, ఒక్కరోజు మానేసినంత మాత్రాన ఒంట్లోంచి పోదు. మిర్టాజాపిన్‌దీ తాగిన మందుదీ మత్తే, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మరి తొమ్మిది నెలలు ఫీజు తీసుకున్న నా డాక్టరు? ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపేవాడు, తాగుతావా అని ఒక్కసారన్నా అడగలేదు. అడిగితే పక్కన మా ఆవిడ ఉంది కాబట్టి లేదనే చెప్పేవాణ్ణనుకో, అది వేరే సంగతి.

కుట్లు వారంలో మానాయి. తర్వాత నాలుగు రోజులు మంచం దిగబుద్ధి కాలేదు చూడు, అదీ అసలు దెబ్బ. అన్ని నెలలు టాబ్లెట్లేసుకుని పైకొచ్చినదంతా పోయినట్టే అనిపించింది.

బీరే కదా అంటావేమో, స్ట్రాంగ్ బీరు 650 సీసాలో 8 శాతం దాకా ఉంటుంది, అంటే 60 ఎంఎల్ పెగ్గులు రెండు, నీ రెండు బీర్లు నాలుగు పెగ్గులన్నమాట. టాబ్లెట్ మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, తల తిరుగుడు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, అది ఇంకో నరకం. నీ డాక్టర్ని సిగ్గుపడకుండా అడుగు.

పెళ్లిలో ఫ్రెండ్స్ బలవంతం అంటావా, నేనైతే వాళ్లకంటే ముందే గ్లాసులో థమ్సప్ పోసుకుని కూర్చుంటా. రెండో రౌండ్ అయ్యాక అందులో ఏముందో ఎవడూ చూడడు, మా బావ తప్ప.