ధైర్యం చెప్పే బొమ్మలు వేస్తోంది... గ్యాలరీకి లక్షన్నర పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. ఐప్యాడ్ మీద మనసుకు ధైర్యం చెప్పే బొమ్మలు వేసి, కింద రెండు ముక్కలు రాసి ఇన్‌స్టాలో పెడుతుంది. చాలామంది మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఓ గ్యాలరీని వారం రోజులు అద్దెకు తీసుకుని ఎగ్జిబిషన్ పెడతానంటోంది. అద్దె, ఫ్రేములు కలిపి లక్షన్నర అవుతుందట. ఆ డబ్బు ఎంబీఏ కోసం దాచాం. 'బొమ్మలు కూడు పెడతాయా?' అని వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు? - ఓ తల్లి, భీమవరం

జవాబు: ఎగ్జిబిషన్ పెట్టాలన్న కోరిక మంచిదేనమ్మా. పెట్టనివ్వండి. కానీ ఈ ఏడాది, ఆ డబ్బుతో, హైదరాబాద్‌లో మాత్రం వద్దు.

గ్యాలరీల్లో రెండు రకాలున్నాయి. కొన్ని అద్దె కట్టినవాళ్లకు గోడలు ఇస్తాయి. కొనేవాళ్లను పిలుచుకోవడం, పత్రికలవాళ్లకు చెప్పడం అంతా ఆర్టిస్టే చూసుకోవాలి. ఇంకొన్ని తామే ఆర్టిస్టును ఎంచుకుని, అద్దె అడగకుండా, అమ్ముడైన బొమ్మ మీద కమీషన్ తీసుకుంటాయి. అది మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. వాటికి ఏళ్ల తరబడి సంపాదించుకున్న కొనుగోలుదారులుంటారు. మీ అమ్మాయి చూసింది మొదటి రకం. ఫోన్లో మెచ్చుకున్నవాళ్లు తలో ఊళ్లో ఉంటారు, అందరూ ఆ వారంలోనే హైదరాబాద్ రాలేరు.

డబ్బు సంగతి పక్కన పెట్టి, బొమ్మలు గోడకు సిద్ధంగా ఉన్నాయా అన్నది చూద్దాం. ఫైలు సైజు ఎంతో అమ్మాయిని అడగండి. ఇన్‌స్టా కోసం వేసే చతురస్రం బొమ్మ చాలావరకు 1080 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. అంటే ఆ బొమ్మ మూడున్నర అంగుళాలు దాటితే గీత మసకబారుతుంది. ఏ3 సైజుకు (రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన పెట్టినంత) 3508 × 4961 పిక్సెళ్లు ఉండాలి. చిన్న ఫైళ్లయితే సాగదీసి లాభం లేదు, ఐప్యాడ్‌లోనే పెద్ద కాన్వాస్ తెరిచి మళ్లీ వేసుకోవాల్సిందే. ప్రింట్లు యాసిడ్ లేని మందపాటి కాగితం మీద తీయించి, ఒక్కో బొమ్మకు ఇన్నే అని లెక్క కట్టి, అంచున పెన్సిల్‌తో 3/25 (ఇరవై ఐదింటిలో మూడోది) లాంటి నంబరు వేసి సంతకం చేస్తే కొనేవాళ్లకు నమ్మకం. 'ఒరిజినల్ ఏది?' అని అడిగేవాళ్లూ వస్తారు. అందుకే కొన్నయినా నీటిరంగులతో, ఇంకుతో కాగితం మీద వేసినవి ఉండాలి.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేది బొమ్మ కింద రాత. ఫోన్లో సగం ఊరట ఆ రెండు ముక్కలే ఇస్తాయి. గోడ ముందు నిలబడ్డ మనిషి ముందు బొమ్మను చూస్తాడు. వానలో గొడుగు విరిగిన పిల్లకు పక్కింటి అవ్వ కొంగు కప్పుతున్న బొమ్మ అనుకోండి. తడిసిన కొంగు అవ్వ భుజానికి అతుక్కున్న తీరు, పిల్ల భయం సగం తగ్గి పైకి చూస్తున్న చూపు వేయగలిగితే 'ఈ వాన ఆగిపోతుంది' అని కింద రాయనక్కర్లేదు. రాతలన్నీ తీసేసి బొమ్మలు మాత్రమే పరిచి చూసుకోమనండి. అప్పుడూ మనసును పట్టుకునేవి పదిహేను ఉంటే ఎగ్జిబిషన్ ఉన్నట్టే. ఐదే ఉంటే ఇంకో ఏడాది పని ఉంది.

ఒక ఆదివారం ఆమెను రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. ఆ చిత్రకారుడు 1897లో పుట్టి, ముప్పై ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశారు. అమ్మాయి నాన్నగారినీ వెంటబెట్టుకెళ్లండి. అసలు బొమ్మ దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుందో, పది అడుగుల దూరం నుంచి ఎలా నిలబడుతుందో ఫోను చూసి తెలుసుకోలేం.

ఆ తర్వాత మీ ఊళ్లోనే కాలేజీ హాలో, లైబ్రరీ గదో, తెలిసినవాళ్ల కెఫేనో అడిగి రెండు రోజులు పెట్టనివ్వండి. ఒక్కో ఫ్రేముకు రెండు వేలు అనుకున్నా పదిహేనుకు ముప్పై వేలు. తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిస్తే అదీ పంచుకోవచ్చు. విజయవాడలో సాధారణంగా జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో ఎవరి స్టాల్లోనైనా ఒక బల్ల దొరికితే పోస్టుకార్డులు, క్యాలెండర్లు పెట్టుకోవచ్చు. ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నారు, దేన్ని ధర అడిగి వదిలేస్తున్నారు అన్నది ఆమె పక్కనే నిలబడి చూడాలి. వచ్చినవాళ్ల పేరు, నంబరు ఒక పుస్తకంలో రాయించుకోవాలి. రేపు హైదరాబాద్‌లో పెట్టినప్పుడు పిలవాల్సింది వాళ్లనే.

ఇక కూడు సంగతి. ఎగ్జిబిషన్ మీదే ఇల్లు గడవడం కష్టం, ఆ మాట వరకు నాన్నగారిది సబబే. కానీ బొమ్మలేసేవాళ్లకు డబ్బు వచ్చే పని వేరే చోట ఉంది. చెన్నైలో తూలిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం లాంటి సంస్థలు పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. పిల్లల వార్డులున్న ఆసుపత్రులకు, బడులకు ఇలాంటి ఊరటనిచ్చే బొమ్మలే కావాలి. మీ పక్కనే నరసాపురంలో పుట్టిన బాపు గారు న్యాయశాస్త్రం చదివారు. ఆయన గీత పత్రికల్లో, పుస్తకాల అట్టల మీద పెరిగి పెద్దదైంది. చదువు పూర్తి చేయడం బొమ్మలకు అడ్డం కాదు.

చదవాలనుకుంటే బీఎఫ్ఏకు (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఇప్పుడు వెనక్కి వెళ్లి నాలుగేళ్లు పెట్టడం నాకు నచ్చదు. మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాయవచ్చు. ఐఐటీ బాంబే, హైదరాబాద్, గువాహటి లాంటి చోట్ల ఆ స్కోరుతో ఎం.డిజైన్ (డిజైన్‌లో పీజీ) సీట్లు ఇస్తారు, కానీ మూడేళ్ల డిగ్రీని ఏ సంస్థ ఒప్పుకుంటుందో ముందే చూసుకోండి. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. ఎంబీఏ డబ్బు దీనికి పనికొస్తుందేమో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఆర్డర్లు రావడం మొదలైతే ఒక జాగ్రత్త. తనంతట తాను వేసిన బొమ్మకు వేసిన క్షణం నుంచే కాపీరైట్ ఆమెది, రిజిస్టర్ చేయించకపోయినా సరే. డబ్బిచ్చి ఒకరు వేయించుకున్న బొమ్మకైతే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాళ్లదే కావచ్చు, అందుకే ముందే రాసుకోవాలి. హక్కు ఇంకొకరికి ఇస్తే సంతకంతో రాతలో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ఎక్కడి వరకో రాయకపోతే ఇండియా వరకే అంటుంది. బీకాం చదివిన పిల్ల కనుక ఇన్‌వాయిస్‌లు, ఖర్చుల పుస్తకం మొదటి ఆర్డరు నుంచే ఆమె చేతే రాయించండి.