ఇంట్లో రికార్డ్ చేసిన పాటను ఏ క్వాలిటీలో ఎక్స్‌పోర్ట్ చేయాలి?

అమ్మ పాడిన కీర్తనలు ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేశాను, ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే అంకెలు చూసి టెన్షన్ పట్టుకుంది, ఏం పెట్టాలి అని ఒకరు అడిగారు. ముందు ఒక వేవ్ (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) కాపీ తీసి దాచుకోండి. 24 బిట్ (శబ్దం హెచ్చుతగ్గులను ఎంత సూక్ష్మంగా కొలవాలో చెప్పే అంకె) పెట్టండి, శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) మాత్రం రికార్డింగప్పుడు ఏది ఉందో అదే. 44.1 కిలోహెర్ట్జ్‌లో పాడించి 96కి పెంచితే ఫైలు బరువెక్కుతుందే గానీ గొంతు మారదు. 44.1లో స్టీరియో అయితే నిమిషానికి దాదాపు 16 ఎంబీ.

బంధువులకు పంపేందుకు ఆ వేవ్ నుంచే ఎంపీ3 తీయండి. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్ల డేటా) అయితే నిమిషానికి 2.4 ఎంబీ. గొంతు, తంబూరా మాత్రమే ఉంటే 192 చాలని నా అభిప్రాయం. 128కి దిగితే తాళాల మోగుడు ఇసుక రాలినట్టు వినిపించవచ్చు. ఫైలు చిన్నది చేయడానికి ఎంపీ3 శబ్దంలో కొంత వదిలేస్తుంది; దాన్ని మళ్లీ వేవ్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు. ఎంపీ3 చేసేటప్పుడు శబ్దం గరిష్ఠ స్థాయి కాస్త పెరగొచ్చు కాబట్టి, ముందే వేవ్‌లో ఆ గరిష్ఠ స్థాయిని మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.

అన్నట్టు, మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌లో రికార్డ్ చేస్తే పక్కింటి కుక్కర్ విజిల్ కూడా 24 బిట్‌లో శుభ్రంగా పడింది. కిటికీ మూసి, ఫ్యాను ఆపాకే మొదలుపెట్టండి.